పడుగులో వంకర

ఉచ్చీరప్ప నేసిన దుప్పటి కప్పుకుని పడుకున్న మనిషిని యముడు కూడా ఎత్తుకుపోలేడు. పాశం విసరడానికి చెయ్యెత్తి, దుప్పటి అంచు చూసి ఆగిపోతాడు. ఇంత తిన్నని అంచు మూడు లోకాల్లోనూ చూడలేదే అనుకుంటూ మంచం పక్కన గొంతుక్కూర్చుని వేలితో తడుముతూ ఉండిపోతాడు. ఈలోగా దున్నపోతుకు ఆకలేసి ఆదోని దారి పడుతుంది. వాహనం పోయిన యముడు ఎమ్మిగనూరు బస్టాండులో ఆటోవాడితో బేరమాడుతూ నిలబడతాడు.

ఈ మాట నేతగాళ్ల పేటలో అందరికీ తెలుసు. పుట్టించింది ఉచ్చీరప్ప మనవరాలు నందిని. ఇంటర్ లెక్కల్లో తప్పి, ఈసారి రాస్తానని ఏటేటా అంటూ, బస్టాండు దగ్గర సెల్‌ఫోన్ల దుకాణంలో కూర్చునే పిల్ల. తాత గురించి కోతలు కోయడం తన హక్కనుకుంటుంది. ఈ కథ రాస్తున్నదీ ఆమే కాబట్టి ఆమె గురించి ఇంతకంటే ఎక్కువ ఉండదు.

ఉచ్చీరప్పకు డెబ్బై దగ్గరపడుతున్నాయి. పొట్టి మనిషి, పొడుగు కోపం. గడ్డం గీసుకోకుండా రెండు రోజులు ఉంటాడు గానీ మగ్గం దులపకుండా ఒక పూట ఉండలేడు. ఇంటి ముందు గదిలో నేల తవ్వి దింపిన గుంత మగ్గం అది. కాళ్లు గుంతలో, ఒళ్లు నేలమీద. తండ్రి కాళ్లు పెట్టిన గుంతలోనే ఆయనా కాళ్లు పెట్టాడు. పక్కన ఆయన భార్య నాగమ్మ రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతుంది. పెళ్లైన దగ్గర్నుంచీ ఆమె చుట్టిన దారమే మగ్గంలో అటూ ఇటూ పరిగెత్తే ఆయన నాడెలో తిరిగింది. అయితే మగ్గం మీదున్న బట్టను మాత్రం ఆమె ముట్టుకోకూడదు. ఎందుకని ఎవరైనా అడిగితే, "ఆడ నా సెయ్యి ఒక్కటే ఉండాల" అనేవాడు.

ఆయనకొక అలవాటుంది. నిలువు దారాలన్నీ కలిపిన పడుగును మగ్గానికి ఎక్కించే ముందు ఎడమ కన్ను మూసి, కుడి కంటితో దాని వెంట ఈ చివర నుంచి ఆ చివరికి చూస్తాడు. ఒక పోగు వదులైనా, ఒకటి బిగిసినా ఆ కంటికి దొరుకుతుంది. క్రమంగా ఈ రోగం అన్నిటికీ పాకింది. కట్టిన గోడను అట్లాగే చూస్తాడు. పెళ్లి పందిట్లో విస్తళ్ల వరసనూ అట్లాగే చూస్తాడు. బడికి పోయే నందిని పాపిడిని ఒక కన్ను మూసి చూసి, "వంకరగా ఉంది, మల్లా దువ్వించుకో పో" అని వెనక్కి పంపిన రోజులున్నాయి.

అంత చూపున్న మనిషి, తన ఉచ్చలో ఎరుపును మాత్రం చాలాకాలం చూడనట్టే ఊరుకున్నాడు. "వేడి చేసింది" అన్నాడు. సబ్జా గింజలు నానేసుకుని తాగాడు, బార్లీ నీళ్లు తాగాడు. కొన్నాళ్లు తగ్గేది, మళ్లీ వచ్చేది. స్నానాల బండ మీద మరక చూసి నాగమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంటే అప్పుడు కర్నూలు బయలుదేరాడు. మూత్రాశయంలో గడ్డ ఉందన్నారు. లోపల గీకి తీశారు. నరానికి మందెక్కించారు. జుట్టు ఊడింది, మళ్లీ వచ్చింది. అయిపోయిందిలే అనుకుంటున్నంతలో దగ్గు మొదలైంది. గడ్డ విత్తనాలు ఊపిరితిత్తుల్లో పడి మొలకెత్తాయని చెప్పారు.

ఆదోనిలో రైలెక్కి బెంగుళూరు పోయారు. అక్కడి పెద్దాసుపత్రిలో పాత గడ్డ ముక్కను పరీక్షకు పంపి, కొత్తరకం మాత్రకు ఈ గడ్డ సరిపోతుందని తేల్చారు. పరిశోధన కింద ఆ మాత్ర ఇస్తారు. డాక్టరు చేత్తో చూపిస్తూ చెప్పాడు: "గడ్డలో ఒక మీట తెరుచుకుని ఇరుక్కుపోయింది. అందుకే అది ఆగకుండా పెరుగుతోంది. ఈ మాత్ర పోయి ఆ మీటను మూసి పట్టుకుంటుంది. మాన్పుతుందని నేను చెప్పను. పట్టుకుంటుంది."

"ఎన్నాళ్లు పట్టుకుంటాది సార్?" అన్నాడు ఉచ్చీరప్ప.

"పట్టుకున్నంత కాలం."

ఆ జవాబు ఆయనకు నచ్చింది. అబద్ధం చెప్పని మనిషి అన్నాడు రైల్లో.

మాత్ర గడ్డను పట్టుకున్న మాట నిజమే. మొదటి స్కానులో ఊపిరితిత్తుల్లో గింజలు చిన్నవయ్యాయి, దగ్గు తగ్గింది. కానీ ఆ మాత్ర గడ్డతో పాటు ఇంకా చాలా వాటిని పట్టుకుంది. ముందు నోరు. నాలుక మీద, బుగ్గల లోపల పుండ్లు. పుట్టినప్పటి నుంచీ తిన్న జొన్నరొట్టె గాజుపెంకులా గీసుకుపోయేది. నాగమ్మ అన్నం గుజ్జుగా పిసికి, కారం లేకుండా, చల్లార్చి పెట్టేది. ఉప్పు, తినేసోడా వేసిన నీళ్లతో పొద్దస్తమానం పుక్కిలించేవాడు. తర్వాత చర్మం ఎండి, అరికాళ్లు పగిలాయి. కళ్లు ఇసుక పడినట్టు గరగరలాడితే చుక్కల మందు ఇచ్చారు.

ఇవన్నీ కనిపెట్టుకోవడానికి బెంగుళూరు ఆసుపత్రిలో దానమ్మ అనే నర్సు ఉంది. పత్తికొండ వైపు ఆడపడుచు. వారం వారం ఫోన్ చేసేది.

"తాతా, నీ రక్తంలో ఫాస్ఫేటు పెరుగుతాంది. ఈ మాత్రకు అది పెరిగేదే, కానీ హద్దు దాటకూడదు. పాలు, పెరుగు తగ్గించు. కూల్‌డ్రింకులు వద్దు. బుడ్డలు ముట్టనే ముట్టొద్దు."

బుడ్డలంటే వేరుశనగ. ఆ మాట విని ఉచ్చీరప్ప ఫోనును చెవి దగ్గర్నుంచి దూరంగా పట్టుకుని చూశాడు.

"బుడ్డలు తినొద్దంటే కర్నూలు జిల్లాలో ఉండొద్దని సెప్పినట్లే కదమ్మా!"

"అయితే బెంగుళూరు వచ్చేయ్. మా ఆసుపత్రి కూడు పెడతా. ఒక్క దినం తింటే బుడ్డలు లేకున్నా సంతోషంగా బతుకుతావు."

అన్నం మధ్యలో వేసుకోమని ఇంకో మాత్ర ఇచ్చారు. అయినా తర్వాతి పరీక్షలో ఫాస్ఫేటు దిగలేదు. దానమ్మ గుచ్చి గుచ్చి అడిగింది. ఉచ్చీరప్ప రాఘవేంద్రస్వామి మీద ఒట్టేశాడు. ఆ వారమే నాడె జారి మగ్గం గుంతలో పడితే, తీద్దామని నందిని లోపలికి దిగింది. మూలన గోనెగుడ్డ కింద వేయించిన బుడ్డల సంచి, పక్కన పొట్టు కుప్ప.

"ఎలుకలు పడినట్లుండాయి" అన్నాడు ఉచ్చీరప్ప కప్పు వైపు చూస్తూ.

"వలిచి, పొట్టు ఒక పక్కన కుప్పేసి, పైన గుడ్డ కప్పి పోయినాయి తాతా. ఎంత బుద్ధిమంతపు ఎలుకలు! ఒట్టు కూడా ఏసినాయి."

ఆయన నవ్వాడు. నాగమ్మ నవ్వలేదు. సంచి అందుకుని ఒడిలో పెట్టుకుని, ఒక్కొక్కటే నోట్లో వేసుకుని నమలడం మొదలుపెట్టింది.

"ఏమ్మే, నువ్వేంది తింటాండావు?"

"నీకు సావాలని ఉంటే ముందే సెప్పాల్సింది. ఇద్దరం కలిసి తినేవాళ్లం కదా."

ఆ తర్వాత గుంతలో ఎలుకలు పడలేదు.

పోతే గోళ్లు. నోటికి, తిండికి సర్దుకున్నాడు గానీ గోళ్లు మాత్రం ఆయన్ను లోపల కొట్టాయి. ఒక్కొక్కటే రంగు మారి, కుదుళ్ల దగ్గర వదులై, అట్టపెచ్చులా లేచాయి. వేళ్ల కొసలు చీలాయి. పడుగులో పోగు తెగితే రెండు కొసలూ గోటితో పట్టి, కంటికి కనపడని ముడి వేసి, మళ్లీ నేతలో కలపాలి. ఇప్పుడు ఆ సన్నపోగు లేచిన గోటి కిందికి దూరి కొక్కెంలా పట్టుకునేది. ప్రాణం పోయినట్టుండేది. దానమ్మ చెప్పినట్టు గోళ్లు పొట్టిగా కత్తిరించి, లేపనం రాసి, నూలు చేతితొడుగులు వేసుకుని పడుకునేవాడు. పెళ్లికొడుకులా ఉన్నావని నందిని ఏడిపించేది. కానీ తొడుగులతో ముడి పడదు కదా.

ఒకరోజు పోగు తెగింది. చాలాసేపు ప్రయత్నించి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. రాట్నం చప్పుడు ఆగింది. నాగమ్మ లేచి వచ్చి, అడగకుండానే మగ్గం మీదికి వంగి ముడి వేసింది. నేత మీద ఆమె చెయ్యి పడటం అదే మొదలు. ఆయన ఆ ముడిని వేలితో తడిమాడు. తప్పు దొరకలేదు. "ఊఁ" అన్నాడు. అప్పట్నుంచి తెగిన పోగులన్నీ ఆమెవే అయ్యాయి.

మాత్ర మొదలుపెట్టేటప్పుడే దానమ్మ ఒక సంగతి గట్టిగా చెప్పింది. ఈ మందు ఒక్కొక్కరికి కంట్లో తేడా చేస్తుంది, నెలకోసారి ఆదోనిలో కంటి డాక్టరుకు చూపించుకోవాలి, మధ్యలో చూపు మసకబారితే ఆ రోజే ఫోన్ చెయ్యాలి. నందిని దుకాణానికి పోతూ రోజూ అడిగేది.

"తాతా, కండ్లు మసకగా ఉండాయా?"

"లేదు."

అది అబద్ధం కాదు. మసక లేదు. అయితే బసన్న చేసిన పడుగులో వంకర ఉంది.

బసన్న పడుగులు చేసే మనిషి. అతని తండ్రి చేసిన పడుగుల మీద ఉచ్చీరప్ప చెయ్యి తిరిగింది, ఇప్పుడు బసన్న చేసినవి నేస్తున్నాడు. వేరేవాళ్ల పడుగు ఆ మగ్గమెక్కలేదు. అలాంటిది ఒక పడుగులో నడిమి పోగులు కొంచెం పక్కకు వంగినట్టు ఉచ్చీరప్ప కంటికి తగిలింది. సర్దుకుంటుందిలే అని నేశాడు. తర్వాతి పడుగులోనూ అదే చోట, నట్టనడుమ, అదే వంపు. మగ్గాన్ని అనుమానించి కట్లు విప్పి మళ్లీ బిగించాడు. పోగుల్ని వరసలో పట్టి ఉంచే పన్నె మార్చాడు. వంపు పోలేదు. వయసు మీద పడి బసన్న పనిలో అశ్రద్ధ చేస్తున్నాడని తీర్మానించుకున్నాడు. వయసులో బసన్న ఆయనకంటే చిన్నవాడు.

మూడో పడుగు తయారైంది. పొద్దున్నే, ఎండ ముదరక ముందు, పడుగును వీధి పొడుగునా సాచి రెండు కొసలా గుంజలకు బిగించి గంజి పట్టిస్తారు. స్కూటర్లవాళ్లు గొణుక్కుంటూ చుట్టు తిరిగి పోతారు. ఉచ్చీరప్ప వచ్చాడు. పడుగు కొస దగ్గర వంగి, ఎడమ కన్ను మూసి చూశాడు.

"బసన్నా, మల్లా అదే పని సేసినావు."

బసన్న గంజికుంచె పట్టుకుని దగ్గరకొచ్చాడు. "ఏమైందన్నా?"

"నడిమి పోగులు సూడు. ఏరు మలుపు తిరిగినట్ల తిరిగినాయి."

బసన్న వంగి చూశాడు. లేచి ఆ కొసకు పోయి అక్కణ్నుంచి చూశాడు. తిరిగొచ్చాడు.

"యాడ వంకరన్నా? నాకేం కనపడలే."

"కండ్లు లేవా నీకు? మీ నాయన సేసిన పడుగు మీద నీళ్లు పోస్తే ఈ కొస నుంచి ఆ కొసకు తిన్నగా పారేవి. ఆయన పేరు మట్టిలో కలిపినావు. సెయ్యి వంకరో, బుద్ధే వంకరైందో!"

వీధి చల్లబడినట్టయింది. గంజి పెడుతున్నవాళ్లు చేతులు ఆపారు. బసన్న కుంచెను గంజి బానలో వేసి, చేతులు పంచెకు తుడుచుకున్నాడు.

"నన్నేమన్నా పడతా. మా నాయన ఊసెత్తినావు సూడు. ఇది తీసుకొని పోన్నా. ఇంక నీ మగ్గానికి పడుగు సెయ్యను."

అప్పుడే దుకాణానికి బయలుదేరిన నందిని, గుంపు చూసి ఆగింది. తాత పక్కన వంగి తనూ ఒక కన్ను మూసి చూసింది. పోగులన్నీ గీత గీసినట్టున్నాయి. తాత ముఖం చూస్తే ఆయన అబద్ధం చెప్పడం లేదు.

"తాతా, ఆ కరెంటు తీగను సూడు. అది కూడా బసన్న తాతే సేసినాడా?"

నవ్వించాలనే అంది. ఉచ్చీరప్ప తలెత్తి ఒంటికంటితో తీగను చూశాడు. ఎదురింటి గోడ మూలను చూశాడు. స్తంభాన్ని చూశాడు. మళ్లీ తీగనే చూశాడు. నందిని నవ్వు అక్కడే ఆగిపోయింది.

"కన్ను మార్చి సూడు తాతా" అంది మెల్లగా.

ఆయన కుడి కన్ను మూసి ఎడమ కంటితో చూశాడు. స్తంభం నిలబడింది. గోడ నిలబడింది. వీధి పొడుగునా పడుగు తిన్నగా, బసన్న తండ్రి చేసినంత తిన్నగా సాగి ఉంది.

"సరేలే, ఈసారికి సరిపెట్టుకుంటా" అన్నాడు గాలిలోకి. వెనక్కి తిరిగి నడిచాడు. నాలుగిళ్లు దాటాక నందిని మణికట్టు పట్టుకున్నాడు. వేలికొసలు నొప్పి పుడుతున్నా గట్టిగా పట్టుకున్నాడు.

"ఎవ్వరికీ సెప్పొద్దు."

"అదేంది తాతా, ఆ రోజే ఫోన్ సెయ్యమన్నారు కదా!"

"సేస్తే మాత్ర ఆపుతారు. హోస్పేటాయన యవ్వారం నువ్వు సూడలేదా?"

నందిని చూసింది. బెంగుళూరు ఆసుపత్రిలో వీళ్ల పక్క కుర్చీలో కూర్చునే మనిషి. ఏదో తేడా చేసిందని ఆయనకు మాత్ర ఆపారు. ఆ తర్వాత రెండుసార్లు పోయినప్పుడు ఆ కుర్చీలో వేరే ఎవరో కూర్చుని ఉన్నారు. హోస్పేటాయన ఏమయ్యాడని వీళ్లు అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

మింగితే కన్ను. మానితే ప్రాణం. ఉచ్చీరప్పకు లెక్క అంతే కనపడింది. ఇంటికొచ్చి మగ్గంలో కూర్చున్నాడు. మగ్గం మీద పాత పడుగు ఇంకా కొంత మిగిలి ఉంది. ఎడమ కంటితో నేయడం నేర్చుకుందామనుకున్నాడు. నాడె ఇటు విసిరాడు, అటు విసిరాడు. మధ్యాహ్నానికి పోగు తెగింది.

"నాగీ."

ఆమె వచ్చి మోకాళ్ల మీద కూర్చుని మగ్గం మీదికి వంగింది. ముఖం ఆయనకు జానెడు దూరంలో ఉంది. తెగిన కొసలు వెతుకుతోంది. కిటికీ వెలుగు ఆమె మీద పడుతోంది. ఆయన ఎడమ కన్ను మూశాడు.

నాగమ్మ ముఖం నడుమ ఎవరో బొటనవేలితో నొక్కినట్టు సొట్ట పడింది. ముక్కు పక్కకు జరిగింది. ముక్కుపుడక బుగ్గ మీదికి జారింది. పెదవులు కదులుతున్నాయి, కానీ అవి ఆమె పెదవుల్లా లేవు. ఇంతకాలం పక్కన రాట్నం తిప్పిన మనిషి ఎవరో అయిపోయి కూర్చుంది. ఆయన కన్ను తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు.

"ఏంది అట్ల సూస్తాండావు?"

"నీ ముక్కుపుడక..."

"ఏమైంది?" ఆమె వేలితో తడుముకుంది. "తిన్నగానే ఉందే."

"ఉంది" అన్నాడు. నాడె పక్కన పెట్టి, "నాగీ, బసన్న తప్పేం లేదు" అన్నాడు.

ఆమెకు అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక చేతిలోని పోగు వదలలేదు. ముందు ముడి పూర్తి చేసింది. తర్వాత అడిగింది.

"ఎన్నాళ్ల నుంచి?"

"మూడు పడుగుల నుంచి."

"ఎందుకు సెప్పలే?"

"పొద్దున దాకా నాకే తెలీదు. తెల్సినాంక బయమైంది. మాత్ర ఆపితే..."

నాగమ్మ మగ్గం మీద నుంచి వెనక్కి జరిగింది. గుంత అంచు పట్టుకుని కూర్చుంది.

"ఆపితే ఏమైతాదో నాకూ తెలుసు" అంది. "నేను సెప్పమనను, వద్దనను. నీ పానం, నీ కన్ను."

ఆయన ఆమె వైపు మళ్లీ చూశాడు, ఈసారి రెండు కళ్లతో. "ఆ పిల్లను పిల్చు. ఫోన్ సెయ్యమను."

దానమ్మ తిట్టలేదు. ఆమె తిట్టకపోవడంతో నందినికి ఎక్కువ భయమేసింది. "రేపటి మాత్ర వెయ్యొద్దు. ఈ దినమే ఆదోని పోయి కండ్లు సూపించండి. ఆ డాక్టరుతో నన్ను మాట్లాడించండి" అంది.

ఆదోని కంటి డాక్టరు మధుసూదన్ చుక్కలు వేసి, కూర్చోబెట్టి, యంత్రంలో చూసి, తెర మీద బొమ్మ చూపించాడు. "లోపలి పొర కింద నీరు చేరింది. తడి ఎక్కిన గోడకు సున్నం ఉబ్బుతుంది చూడండి, అట్లా ఉబ్బింది. అందుకే తిన్నగా ఉన్నవన్నీ వంగి కనిపిస్తున్నాయి. ఎడమ కంట్లో కూడా మొదలవుతోంది."

"కన్ను పోయినట్లేనా సార్?"

"మాత్ర ఆపితే చాలామందికి ఆ నీరు ఇంకిపోతుంది. మరి పోయిన నెల పరీక్షకు కూడా రాకుండా ఇన్నాళ్లు ఎందుకు ఊరుకున్నారు?"

"మసకైతే సెప్పమన్నారు సార్" అంది నందిని. "మా తాతకు మసక లేదు. ఊరంతా వంకరైంది, ఆయనొక్కడే తిన్నగా ఉన్నాడు."

డాక్టరు నవ్వబోయి ఉచ్చీరప్ప ముఖం చూసి మానుకున్నాడు. ఫోన్ తీసుకుని బెంగుళూరుతో మాట్లాడాడు. మాత్ర ఆగింది.

ఆ తర్వాతి రోజులు విచిత్రంగా గడిచాయి. ముందు నోటి పుండ్లు మానాయి. జొన్నరొట్టె మీద కారప్పొడి వేసుకుని తినగలిగాడు. అరికాళ్ల పగుళ్లు పూడాయి. చూడటానికి వచ్చినవాళ్లంతా, "కళ వచ్చిందప్పా ముఖంలో" అన్నారు. ఉచ్చీరప్ప తలూపేవాడు. లోపల మాత్రం, ఒక్కొక్క పుండు మానుతుంటే, మాత్ర ఆ మీట మీద నుంచి ఒక్కొక్క వేలు తీసేస్తున్నట్టు అనిపించేది. రొట్టె రుచిగా ఉందని సగంలో ఆపేసిన పూటలున్నాయి. కొంచెం దగ్గొస్తే నాగమ్మ రాట్నం ఆపి చూసేది. ఆయన గొంతులో ఏదో అడ్డం పడిందనేవాడు. పొద్దున లేవగానే వాకిట్లో నిలబడి ఎడమ కన్ను మూసి కరెంటు తీగను చూసేవాడు. మగ్గం మీద పాత దుప్పటి కప్పి ఉండేది.

ఒకరోజు బసన్న ఇంటికి పోయాడు. అరుగు మీద కూర్చుని చాలాసేపు వీధిలోకి చూశాడు. బసన్న తలెత్తకుండా పోగులు సర్దుకుంటున్నాడు.

"నా కన్ను సెడిందంట" అన్నాడు చివరికి.

"తెలుసు. పేటంతా తెలుసు. నీ మనవరాలికి నోరాగుతాదా?"

"రెండు పడుగులు నిన్ను తిట్టుకుంటానే నేసినా."

"నన్ను తిట్టినందుకు ఏం లేదన్నా. మా నాయన నీకు పోగు పట్టేది నేర్పినాడు."

ఉచ్చీరప్ప అరుగు దిగి ఇంటికి పోయాడు. మర్నాడు పొద్దున బసన్న వేరేవాళ్లకు చేసిన పడుగును వీధిలో సాచుతుంటే వచ్చి, రెండో కొస దగ్గర నిలబడి తాడు పట్టుకున్నాడు. గోళ్లు సగమే ఉన్న చేతులు. బసన్న ఈ కొస నుంచి చూశాడు. వద్దనలేదు. "లాగన్నా" అన్నాడు. ఉచ్చీరప్ప లాగాడు.

కొన్ని వారాలకు తీగ వంపు తగ్గింది. తర్వాత స్తంభం లేచి నిలబడింది. మధుసూదన్ డాక్టరు నీరు ఇంకిందన్నాడు. బెంగుళూరులో స్కాను తీశారు. ఊపిరితిత్తుల్లో ఒక గింజ కొంచెం పెరిగింది, మిగతావి ఉన్నట్టే ఉన్నాయి. డాక్టరు ఆ పెరిగినదాన్ని దాచకుండా తెర మీద చూపించాడు. మాత్ర మళ్లీ మొదలుపెడతామని, ఈసారి మోతాదు తగ్గిస్తామని చెప్పాడు.

"తక్కువ మాత్రకు ఆ మీట మూసుకుంటాదా సార్?" అని నాగమ్మ అడిగింది.

"మూసుకోవచ్చు. చూద్దాం."

"కన్ను మల్లా సెడితే?"

"మళ్లీ ఆపుతాం. అప్పుడు ఇంకా తగ్గించాలో, పూర్తిగా మానెయ్యాలో అప్పుడే చెప్పగలను."

బయటికొచ్చాక ఉచ్చీరప్ప వరండాలో కుర్చీల వైపు చూశాడు. హోస్పేటాయన కుర్చీ ఖాళీగా ఉంది. పోయి అందులో కూర్చున్నాడు. దానమ్మ వచ్చి మాత్రల డబ్బా చేతిలో పెట్టింది.

"తాతా, ఈసారి మసకొక్కటే కాదు. వంకర, మెరుపు, నీడ, ఏది కనపడినా సెప్పాల. తప్పు పడుగు మీద పెట్టొద్దు."

"ఆ హోస్పేటాయన..." అన్నాడు ఉచ్చీరప్ప.

దానమ్మ ఆయన భుజం మీద చెయ్యి వేసింది. "ఆయన యవ్వారం వేరు తాతా. నీది వేరు." ఉచ్చీరప్ప డబ్బా జేబులో వేసుకుని లేచాడు.

మాత్ర మొదలైన కొన్నాళ్లకు ఒక పొద్దున ఉచ్చీరప్ప రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని ఆగాడు. నాలుకతో బుగ్గ లోపల తడిమాడు. ముఖం వెలిగింది.

"నాగీ, నోరు మండుతాంది."

పండగ వచ్చిందని చెప్పినట్టు చెప్పాడు. నాగమ్మ తల పక్కకు తిప్పుకుని, కొంగుతో ముక్కు తుడుచుకుని, ఉప్పునీళ్లు కలపడానికి లేచింది.

బసన్న చేసిన కొత్త పడుగు మగ్గమెక్కింది. పూటకు కొంచెమే నేస్తాడు. ముడులు నాగమ్మవి. నేత మీద రెండు జతల చేతులు కదులుతుంటాయి. ఏ ముడి ఎక్కడ వేసిందో వెతికితే ఆమెకు కూడా దొరకదు.

ఇదంతా రాసి నందిని ఒక ఆదివారం తాతకు చదివి వినిపించింది. బుడ్డల సంగతి తీసెయ్యమన్నాడు. తీసెయ్యనంది. బసన్న తండ్రి పేరెత్తిన చోట ఉచ్చీరప్ప తల దించుకుని విన్నాడు. చివరికి వచ్చేసరికి నందిని కాగితాలు పక్కన పెట్టి, చాలారోజులుగా గొంతులో ఉన్నది అడిగింది.

"తాతా, మల్లా కన్ను తేడా సేస్తే సెప్తావా? ఈసారి మాత్ర పూర్తిగా ఆపేస్తారని తెల్సినా సెప్తావా?"

"సెప్తా."

"నిజంగా?"

"గుడ్డోన్నై నాలుగు దినాలు ఎక్కువ బతికి, నీ రాతలు ఇనుకుంటా కూర్సోవాల్నా? నాకేం కర్మ!"